పదకొండో సంతకం

చర్చలు మొదలై పంతొమ్మిది రోజులైంది. కొనాక్రీ నగరంలోని హోటల్లో కిటికీ బయట సముద్రం. లోపల అదే బల్ల, అవే మొహాలు.

మోర్లాయె సూమాకి డెబ్బై ఒకటి. రెండుసార్లు విదేశాంగ మంత్రి, నాలుగు దేశాల్లో రాయబారి, మధ్యలో మూడేళ్లు ఖైదీ. చుట్టుపక్కల ఏ దేశంలో తుపాకీ పేలినా మధ్యవర్తిగా ఆయన్నే లాక్కొస్తారు. ఈసారి మాత్రం ఎవరూ పిలవకముందే తనే అడిగి వచ్చాడు.

"తుపాకులు దించేస్తాం. కానీ మావాళ్లందరికీ క్షమాభిక్ష కావాలి. వంతెన దగ్గర జరిగినదానికి కూడా," అన్నాడు తిరుగుబాటు నాయకుడు సిడికి. వాడికి ముప్పై కూడా నిండలేదు.

సరిహద్దు అవతలి ప్రభుత్వం తరఫున వచ్చిన మంత్రి బాల్డే బల్ల గుద్దాడు. "బస్సు ఆపి పదకొండుమందిని కాల్చారు! వాళ్ల ఇళ్లవాళ్లందరూ సంతకం పెడితేనే క్షమాభిక్ష. మా చట్టం అంతే. పదిమంది పెట్టారు. పదకొండో ఇంటివాళ్ల జాడే లేదు."

"ఆ పదకొండో మనిషెవరు?" అన్నాడు సిడికి.

"సీరా కొండె అని ఒక నర్సు. భర్త అంతకుముందే పోయాడు. పుట్టిల్లు సరిహద్దుకి ఇవతల ఎక్కడోనట."

సూమా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ సంతకం నేను తెస్తాను."

"ఎక్కడని వెతుకుతారండీ ఈ వయసులో?" అన్నాడు బాల్డే.

"నలభై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే కదయ్యా."

విరామంలో సిడికి దగ్గుతూనే చిన్న గ్లాసులో టీ పోసి తెచ్చాడు. "తాగండి పెద్దనాన్నా. మీరు సరిగ్గా తినట్లేదు. మా మీద అలిగారా ఏంటి?"

"అలసిపోయాన్రా. ఆ సంతకం దొరక్కపోతే ఏం చేస్తావు?"

"ఏముంది, మళ్లీ అడవే. నాతో నాలుగొందలమంది ఉన్నారు. సగంమందికి ఇంకా మీసాలే రాలేదు."

"ఆ నర్సు గుర్తుందా నీకు?"

సిడికి తల దించుకున్నాడు. "తెల్లబట్టల్లో ఉంది. చేతులెత్తి ఏదో చెప్పబోయింది. బస్సులో రోగులున్నారని కాబోలు. ఎవరమూ వినలేదు."

సూమా టీ చివరిదాకా తాగి, ఖాళీ గ్లాసు వాడి చేతికిచ్చాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లాడు. భార్య మబింటి పెరట్లో చేపలు శుభ్రం చేస్తోంది.

"ఎలా ఉన్నాడు ఆ సిడికి?" అంది తలెత్తకుండా.

"కుర్రాడు. ఒకటే దగ్గు."

"ఒప్పందం కాకపోతే?"

"మళ్లీ యుద్ధమే. ఇంకెంతమంది పోతారో."

ఆమె చేతిలో చేప పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని, ఆయన పక్కన అరుగుమీద కూర్చుంది.

"కానివ్వండి," అంది.

మర్నాడు పొద్దున్నే సూమా కాగితం తెచ్చి బల్లమీద పెట్టాడు.

"అప్పుడే దొరికారా!" అంటూ బాల్డే దాన్ని అందుకుని, మృతురాలి తండ్రి అన్నచోట ఉన్న పేరు పైకి చదివాడు: "మోర్లాయె సూమా."