మొట్టికాయ

"ఎవరడిగినా నన్ను అమ్మా అనే పిలవాలి. ఇంకొక్క మాట మాట్లాడావో, చూడు మరి," అంది తాప్తిమ్.

పంపరపనస బుట్టల మధ్య కూర్చున్న పిల్లవాడు బుద్ధిగా తల ఊపాడు. వెనక తెడ్డు వేస్తున్న కోంగ్ తాత వాడివైపు కన్నెత్తి చూడలేదు. అరవై ఏళ్ళుగా రాజు ఎదురైతే నేలకి ముఖం ఆనించిన మనిషి. ఇప్పుడు రెండు మూరల దూరంలో ఉన్నా ఆ మెడ పైకి లేవడం లేదు.

అయుథయా గద్దె మీద ఆరేళ్ళ రాజు కూర్చుని నలభై రోజులైంది. ఇంతలోనే చిన్నాన్న సైన్యంతో వచ్చి ఊరి చుట్టూ దిగాడు. చిన్నాన్న అంటే తండ్రి తర్వాత తండ్రి అంటారు గానీ, గద్దె దగ్గర వావివరసలు చెల్లవు. సాయంత్రానికి కోట ఆయన చేతికి వస్తుంది. రాజరక్తం నేల మీద పడకూడదు కదా, అందుకని సంచీలో కట్టి మోది చంపడానికి ఎర్ర మఖమలు సంచీ, గంధపు చెక్క దుడ్డుకర్ర ముందే సిద్ధం చేయించాడట.

పొద్దున రాజమాత తన కొడుకు దాది తాప్తిమ్‌ని స్నానాలగదిలోకి పిలిచి రెండు చేతులూ పట్టుకుంది.

"నీ కొడుకుదీ నా కొడుకుదీ ఒకటే ఈడు, ఒకటే పొడుగు. మధ్యాహ్నం నీవాడికి నావాడి బట్టలు తొడిగి మంచం మీద పడుకోబెట్టు. నావాణ్ణి తీసుకుని విహారంలో భిక్షువుల దగ్గరికి వెళ్ళిపో. కోంగ్ తాతకి అంతా చెప్పాను, పడవ సిద్ధంగా ఉంటుంది. సిపాయిలు రాజు ముఖం వంక చూడరు. బట్టలు చూసే ఎత్తుకుపోతారు."

దాసీకి కాదనే నోరెక్కడిది? "చిత్తం" అంది తాప్తిమ్. ఇద్దరికీ పాలిచ్చింది తనే. మధ్యాహ్నం ఒకణ్ణి మంచం మీద జోకొట్టి నిద్రపుచ్చింది. ఒకణ్ణి చంకనేసుకుని వంటింటి దొడ్డిదారిన బయటపడింది.

కాలువ మొగలో ఇనప గొలుసు అడ్డంగా వేలాడుతోంది. చిన్నాన్న మనిషి, ఓ సర్దారు, ఒడ్డు మీంచి పడవలోకి దిగాడు.

"ఎవడే వీడు?"

"నా కొడుకు బాబయ్యా. పేరు పంది."

దయ్యాల కన్ను పడకుండా బిడ్డలకి అలాంటి పేర్లు పెట్టడం ఆ ఊళ్ళో మామూలే. అయినా వెనక కోంగ్ తాత చేతిలో తెడ్డు జారబోయింది. అది సర్దారు కంట పడనే పడింది.

"ఆరేళ్ళ మగపిల్లాణ్ణి ఒక్కణ్ణీ వదలొద్దన్నారు. రాజు ముఖం మేమెప్పుడు చూసి చచ్చాం గనక, పోల్చుకోడానికి?" అంటూ గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు. "నీ కొడుకేనంటావ్. అయితే వాడి నెత్తి మీద ఓ మొట్టికాయ వెయ్యి."

రాజు తలని తాకితే చేతులు నరికేస్తారు. అది ఈ జన్మకి. ఆపైన ఎన్ని జన్మలు నరకంలో పడుండాలో భిక్షువులకే తెలియాలి. విశ్వాసం ఉన్న దాది ప్రాణం పోయినా ఆ పని చెయ్యదని సర్దారుకి తెలుసు.

"ఏం, చెయ్యి రావట్లేదా?"

తాప్తిమ్ చెయ్యెత్తి ఠంగుమని మొట్టింది.

"పడవలో కుదురుగా కూచోమంటే వినవేరా, పంది వెధవా!" అంటూ ఇంకొకటి వేసింది.

"అమ్మా!" అని పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు.

సర్దారు పడీపడీ నవ్వాడు. "చాల్లేవే, చంపుతావా ఏంటి వాణ్ణి! పో, పో!" రెండు పంపరపనసలు చంకన పెట్టుకుని గొలుసు దింపించాడు.

వంపు తిరగ్గానే తాత తెడ్డు వదిలేసి పిల్లవాడి కాళ్ళ ముందు బోర్లా పడ్డాడు.

"ప్రభూ! చూస్తూ ఊరుకున్నాను. క్షమించు." లేచి తాప్తిమ్ వైపు తిరిగేసరికి ముసలి కళ్ళు ఏరులవుతున్నాయి. "ఏం గుండె తల్లీ నీది! అక్కడ బిడ్డని మంచం మీద వదిలేసి, ఇక్కడ ఈ పాపమూ నెత్తినేసుకున్నావు. నీలాంటి దాది ఇంకెక్కడా పుట్టదు."

తాప్తిమ్ భోరుమంది. మంచం మీది ఆ పసిముఖమే కళ్ళలో మెదులుతోంది. నిద్రలో కూడా వాడు తన వేలు వదల్లేదు. ఒక్కొక్క వేలూ విడదీసి రావలసి వచ్చింది.

"విహారం దాకా వద్దు తాతా. ఇక్కడే దింపెయ్," అంది.

"అదీ మంచిదే. నువ్వెక్కడున్నావో నాక్కూడా తెలియకూడదు."

పడవ కనుమరుగయ్యేదాకా గట్టు మీదే నిలబడింది. తర్వాత పిల్లవాడి చెయ్యి పట్టుకుని వరిచేల వెంట గబగబా నడిచింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అన్నాడు వాడు.

ఆమె తల ఊపింది.

"అమ్మా, రాజుగారు నిద్ర లేచేసరికి నేను లేకపోతే, ఆడుకోడానికి ఎవరూ లేరని ఏడుస్తారు కదూ?"