జోడీ రూలు

ఎనిమిదయ్యింది. ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉంది.

ప్రసూన వాచీ చూసుకుని, వెనక్కి తిరిగి గణపతిరావును చూసింది. మళ్ళీ వాచీ చూసుకుంది. ఎన్నిసార్లు చూసినా రెండింట్లో ఏదీ మెరుగుపడలేదు.

"బాబాయ్, జరా తేజ్. కాస్త తొందరగా. తొమ్మిదికి అక్కడుండాలి."

"నాకు తేజూ గీజూ రాదమ్మా. ముప్పై ఏళ్ళు గూడ్సు బండిలో గార్డు డబ్బాలో కూకున్నోణ్ణి. ఎనకాల రావడమే నా ఉద్యోగం," అన్నాడాయన ఒగురుస్తూ.

భిలాయి సెక్టర్ 2 గ్రౌండులో పొద్దున్నే పరుగెత్తే బృందానికి పెద్ద తిరుమలరావు. స్టీల్ ప్లాంటులో గ్యాస్ సేఫ్టీలో పనిచేసి రిటైరయ్యాడు. గ్యాస్ లైను దగ్గరికి ఒక్కడే వెళ్ళకూడదు, ఇద్దరు వెళితే ఇద్దరూ తిరిగి రావాలి అన్నది అక్కడ ఆయన నేర్చుకున్న పద్ధతి. ఉద్యోగం వదిలినా పద్ధతి వదల్లేదు. తన బృందం నుంచి మారథాన్‌కి పేరు వెళ్ళాలంటే, ముందు జోడీగా ముప్పై కిలోమీటర్లు నాలుగు గంటల్లో పూర్తి చేయాలి. చరోదా రైల్వే యార్డు దాకా పోయి, గ్రౌండుకి తిరిగి రావాలి. ఒకరు ఆగితే ఇద్దరి పేర్లూ కొట్టేస్తాడు. తొమ్మిది దాటి ఒక్క నిమిషమైనా అంతే.

ఇలాంటి రూలున్న చోట ప్రసూనకి జోడీగా దొరికింది, చరోదా నుంచి మూడు నెలల కిందట వచ్చి చేరిన ఈ గణపతిరావు. అరవై రెండేళ్ళు, కాన్వాసు బూట్లు, రోజుకో నొప్పి. జోడీ మార్చమని ఆమె మొదటి వారమే అడిగింది.

"నచ్చకపోతే వచ్చే ఏడు రా తల్లీ," అన్నాడు తిరుమలరావు.

వచ్చే ఏడు అన్న మాట ఆమె దగ్గర అనకూడదు. నిరుడు రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ ఇరవై నాలుగో కిలోమీటరు దగ్గర కూర్చుండిపోయింది. తనతో పాటు జోడీల పేర్లు కూడా కొట్టించింది. రెండోసారి ఆటోలో తిరిగొచ్చింది. ఆమె లెక్కలు చెప్పే బడిలో పిల్లలకి ఎలా తెలిసిందో, 'ఆటోవాలీ మేడమ్' అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు మరిచిపోయారు గానీ ఆమె మరిచిపోలేదు. ఈసారీ కాకపోతే బూట్లు అటకెక్కించేస్తానని ఇంట్లో చెప్పేసింది. అన్నంత పనీ చేసే మనిషి.

ఇరవై నాలుగో కిలోమీటరు వచ్చింది. ప్రసూన కుడి పిక్క పట్టేసింది. అడుగు తడబడింది. రోడ్డు పక్కన నీడ కనిపించింది. ఒక్క నిమిషం, అనుకుంది.

వెనక నుంచి మూలుగు వినిపించింది.

"నా వల్ల కాదమ్మా. నేనిక్కడే ఆగిపోతాను."

ప్రసూనకి ఒళ్ళు మండిపోయింది. "ఆగడమేటి బాబాయ్? మూడు నెల్ల నుంచీ ఇదే పాట. రండి." ఆయన మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ కోపంలో పిక్క సంగతి మరిచిపోయింది.

ఇరవై ఆరు దగ్గర ఒక ఆటో వాళ్ళ పక్కనే నెమ్మదించింది. "బైఠియే దీదీ, సెక్టర్ టూ ఛోడ్ దూంగా," ఎక్కితే గ్రౌండు దగ్గర దింపేస్తానన్నాడు ఆటోవాడు.

గణపతిరావు కల్వర్టు మీద చతికిలబడ్డాడు. "నువ్వెల్లిపోమ్మా. నేను దీన్లో వచ్చేస్తాను."

"మీరు దాన్లో ఎక్కితే నా పేరూ పోతాది."

"అయితే నువ్వూ ఎక్కు."

ఆటో ఇంజను ఆడుతూనే ఉంది. వెనక సీటు ఖాళీగా ఉంది. ప్రసూనకి ఏడుపొచ్చింది. కాళ్ళు రెండూ ఎక్కమనే అంటున్నాయి. పైగా ఈసారి తప్పు తనది కాదు. ముసలాయన కూలబడిపోయాడంటే ఎవరైనా నమ్ముతారు. బడిలోనూ నమ్ముతారు, ఇంట్లోనూ నమ్ముతారు.

రెండు నిమిషాలు గడిచిపోయాయి.

"ఆప్ జాయియే భయ్యా," అంది ఆటోవాడితో. ఆటో వెళ్ళిపోయింది. ఆమె గణపతిరావు ఎదుట నిలబడింది.

"లెగండి బాబాయ్. నిరుడు నేనెక్కాను. ఎక్కినప్పుడు హాయిగానే ఉంటాది. ఇంటికెళ్ళాక మొహం చెల్లదు. మీకా గతి పట్టనివ్వను. నాలుగు కిలోమీటర్లంటే ఏటి? మా బడికి రెండుసార్లు ఎళ్ళొచ్చినంత."

ఆయన ఆమె మొహంలోకి ఒక క్షణం చూసి, మోకాళ్ళ మీద చేతులేసుకుని లేచాడు.

ఎనిమిదీ ముప్పై మూడు.

"ఆ స్తంభం దాకా," అనేది ఆమె. అది దాటాక, "ఇంకో స్తంభం." ఆమె ఏ కాస్త తగ్గినా వెనక నుంచి, "ఆగుదామా అమ్మా?" అనేవాడు. ఆ మాట వింటే చాలు, ఆమెకు చిర్రెత్తి కాళ్ళలో సత్తువ వచ్చేది. ఊపిరి అందడం లేదు. కళ్ళలోకి చెమట దిగుతోంది. గ్రౌండు గేటు కనిపించింది. తిరుమలరావు పుస్తకం పట్టుకుని, వాచీకేసి చూస్తూ నిలబడ్డాడు.

గేటు దాటేసరికి ఎనిమిదీ యాభై ఎనిమిది.

తిరుమలరావు రెండు పేర్లూ రాసుకున్నాడు. ప్రసూన ఆ పేర్లు రెండుసార్లు చదువుకుని, భోరుమంది. గణపతిరావు కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది గానీ నడుం వంగలేదు.

"సూసారా బాబాయ్. నేన్లేకపోతే మీరు ఆటోలో వచ్చేవోరు."

"నిజమేనమ్మా," అన్నాడాయన.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ, ఇంటికి ఫోన్ చేయడానికి పక్కకు వెళ్ళింది.

ఆమె దూరమయ్యేదాకా ఆగి, తిరుమలరావు గొంతు తగ్గించి అడిగాడు: "పదకొండు మారథాన్లు పరిగెట్టినోడివి, మూడు నెల్లు ఇంత నెమ్మదిగా ఎలా పరిగెట్టావు గురూ?"