పసుపు చారల చెట్టు

“బావా, గా చెట్టును ఇప్పుడే పీకెయ్. పెద్దగైనంక పరేషాన్ గావాల్సి వస్తది,” గోడ అవతలి నుంచి జైపాల్‌రావు గట్టిగా అన్నాడు.

మొక్క చుట్టూ మట్టి ఒత్తుతున్న రాజేశ్వర్‌రావు తలెత్తాడు. “పీకుడెందుకు? పైన్ చెట్టు. డెహ్రాడూన్ నుంచి పానం లెక్క తెచ్చుకున్న.”

“నేను చూడలేదా పైన్ చెట్లు? తాటిచెట్ల కన్న ఎత్తు పోతయి. గాలిదుమారం లేస్తె నా ఇంటి గూనపెంకల మీదనే పడ్తది. పైంగ గా పసుపు చారలేంది? రోగమొచ్చినట్టున్నది.”

“రోగం గాదు, దాని ఆకే గట్లుంటది. గిది పొట్టి రకం బావా. ఏండ్లకేండ్లు పెరగదు.”

“చెట్టన్నంక పెరగకుంటదా?”

మాటకు మాట పెరిగింది. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ ఉంది. చివరికి రాజేశ్వర్‌రావు దాని మీద చెయ్యి వేశాడు.

“దీని కొస గీ గోడ దాటిననాడు నా చేతులతోని నేనే నరుకుత. సరేనా?”

జైపాల్‌రావు సరేనన్నాడు.

అది ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు. కరీంనగర్ ఎండలకు ఆ మొక్క బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. రాజేశ్వర్‌రావు వేసవి పొడుగునా తడి గోనెసంచులు కట్టి కాపాడుకున్నాడు. ప్రతి దసరాకు జైపాల్‌రావు వచ్చి జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించి అలాయ్ బలాయ్ తీసుకుని, తిన్నగా చెట్టు దగ్గరికి నడిచేవాడు.

“పెరిగింది.”

“ఏడ పెరిగింది? నీ కండ్లద్దాలు మార్పియ్యి.”

కాసేపు కొట్లాడుకుని ఇద్దరూ చాయ్ తాగేవాళ్ళు.

ఏళ్ళు గడిచాయి. ఒక చలికాలం రాజేశ్వర్‌రావు గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత జైపాల్‌రావు వాళ్ళ గేటు లోపలికి అడుగు పెట్టలేదు. దసరాకు కూడా రాలేదు. రాజేశ్వర్‌రావు భార్య ప్రమోదిని చాయ్ నీళ్ళు పొయ్యి మీద పెట్టి పొద్దుగూకే దాకా చూసింది.

ఒక పొద్దున చెట్టుకు నీళ్ళు పోస్తూ ఆమె ఆగిపోయింది. కొస గోడ అంచుతో సమానమైంది. గోడ అవతల ఇటుకల కుప్ప, ఇసుక, మేస్త్రీ కనిపించారు. పక్కనే జైపాల్‌రావు నిలబడి ఉన్నాడు.

మనిషి పోగానే మొహాలు కనిపించకుండా అడ్డం కట్టించుకుంటున్నాడు అనుకుంది. మనసు చివుక్కుమంది. ఇక చెట్టు సంగతి ఆయన నోటితో అడిగించుకోవడం ఎందుకు? లోపలికి వెళ్ళి గొడ్డలి తెచ్చింది.

“అన్నా, మా ఆయన మీకిచ్చిన మాట నేను నిలబెడుత. గిప్పుడే నరుకుతున్న.”

జైపాల్‌రావు గబగబా వచ్చి గోడ మీద నుంచి చెయ్యి చాపి గొడ్డలి పట్టుకున్నాడు.

“గోడ దాటితెనే గద చెల్లె నరుకుడు... గందుకే గోడ లేపుతున్న.”