సామి గది

"బూట్లు ఇడిసి రా!"

తోటపనివాళ్ల గది గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది ఓబుళమ్మ. ఎదురుగా తుపాకీతో, ఊరిని ఆక్రమించిన ఇరాక్ సైనికుడు. వెనకనున్న మొగుడు బాలసుబ్బయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఈ తోట యజమానురాలు ఎక్కడ?" గద్దించాడు సైనికుడు.

"మామానా? నాకు తెలీదు. లోపల మా సామి ఉండాడు. బూట్లతో రానియ్యను," అంది వచ్చీరాని అరబీలో.

"దావ ఇడువే! కాల్చేస్తాడు!" తెలుగులో మొత్తుకున్నాడు బాలసుబ్బయ్య.

"కాల్చనీ. నా పీనిగను దాటాలన్నా బూట్లు ఇడిసే దాటల్ల."

సైనికుడు లోపలికి తొంగిచూశాడు. పీట మీద వెంకన్న పటం, దీపం, వెనక తెరగా కట్టిన చీర. తన బూట్లకు బిగించిన తాళ్ల వంక చూసుకున్నాడు. బయట లారీ హారన్ అదేపనిగా మోగింది. ఉమ్మేసి వెళ్లిపోయాడు.

లారీ చప్పుడు దూరమయ్యాక చీర కదిలింది. వాళ్లు 'మామా' అని పిలిచే తోట యజమానురాలు బయటికొచ్చింది. ఆ పటం తీసెయ్యకపోతే పనిలోంచి తీసేస్తానని ఇన్నాళ్లూ బెదిరించిన మామాయే. ఆమె కాళ్లకు చెప్పుల్లేవు.

ఓబుళమ్మ పీట మీది గుడ్డ ఎత్తి, కింద దాచిన చెప్పులు తీసి ఆమె ముందు పెట్టింది.

"సామి పీట కింద చెప్పులా!" నోరెళ్లబెట్టాడు బాలసుబ్బయ్య.

"నేను చెప్పకుండానే వాకిట్లో ఇడిసొచ్చింది. ఆడనే ఉంటే వాళ్ల కంట పడవా?" దీపంలో నూనె పోస్తూ అంది. "సామికి నేను చెప్పుకుంటాలే."