జీపు సీటు రెగ్జిన్

1986. ఆళ్లగడ్డలో లక్ష్మీనరసింహం పాత టీవీతో సొంతంగా తయారుచేసిన వీడియో గేమ్ పెట్టె, ఆట మొదలైన గంటకే పొగలొచ్చి లోపల కాలిపోయింది. దానికి రెగ్జిన్ తొడిగిన ప్రభుదాసు నంద్యాలలో జీపు సీట్లు కుడతాడు.

“వైరింగ్‌లో నేనే యాడనో తప్పు చేసినా ప్రభుదాసన్నా. నాయన చెప్పినట్టు అహోబిలంలో గుడి వంటకే పోతా. నీ పని మాత్రం చక్కగుంది. ఆ రెగ్జిన్ ఊడదీసుకో, సీట్లకైనా పనికొస్తాది.”

“ఉండనీలేప్పా.”

“నీది పెద్ద మనసన్నా.” లక్ష్మీనరసింహం చేతులు జోడించాడు.

ఊడదీస్తే వెనక చెక్కకున్న పన్నెండు రంధ్రాలు బయటపడతాయి. అవి చెక్క కోసిన వడ్రంగి పొరపాటనుకుని, పెట్టె అందంగా కనబడాలని వాటిని రెగ్జిన్‌తో బిగించి మూసింది ప్రభుదాసే. అవి లోపలి వేడి పోవడానికని పొగ చూశాకే అతనికి అర్థమైంది.

ప్రభుదాసు నంద్యాల బస్సెక్కాడు. సోమవారం లక్ష్మీనరసింహం గుడి వంటలో చేరాడు.