నిచ్చెన దాకా గుర్తుంది

టోపీ ఎగిరిపోయింది ఎలుగుబంటిదే. కుందేలుది కాదు. కుందేలు నవ్వింది, అంతే. లేక ఎలుగుబంటి నవ్వితే కుందేలు ఏడ్చిందా?

"ఏందన్నా, కార్టూన్లకే పోయినవా?" పక్క సీట్లోంచి సునంద నవ్వింది.

సంజీవ కూడా నవ్వాడు. మా పిల్లలు టీవీ వదలట్లేదని ఆమె అనడంతో మొదలైంది మాట. మహబూబాబాద్ మున్సిపల్ ఆఫీసులో అతను నోరు విప్పడమే అరుదు. కార్టూన్లంటే మాత్రం విప్పుతాడు.

"మొగుళ్లపల్లిల మా ఒక్కింట్లనే టీవీ ఉండె. ఎనభై ఆరు. నాకు పదేండ్లు. ఆదివారం పొద్దుగాల వాడంత మా అర్రలనే."

"రంగుల టీవీయా?"

"యాడి రంగులు! సగం చుక్కలే. గాలికి యాంటెనా తిరిగిపోయేది. ఎవలన్న మిద్దెక్కి వరంగల్ దిక్కు తిప్పి పట్టుకోవాలె."

"ఎవలు పట్టుకునేటోళ్లు?"

అతను ఫైలు తెరిచాడు. "ఎవలో ఒకలు."

ఆ ఆదివారాలను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు వెచ్చబడుతుంది. కానీ ఆ జ్ఞాపకానికి ఒక వింత అలవాటుంది. మిద్దెకు వేసిన నిచ్చెన దాకా తీసుకుపోతుంది. మొదటి మెట్టు మీద కాలు పడగానే కార్టూన్ మొదలవుతుంది. ఎలుగుబంటి, గాలి, టోపీ. ప్రతిసారీ ఎలుగుబంటి సమయానికి వచ్చి తనను కాపాడినట్టే ఉంటుంది. దేని నుంచి అని అతను ఎన్నడూ తనను తాను అడగలేదు.

"సార్."

ఎదురుగా నడివయసు ఆమె. చేతిలో మడతపెట్టిన దరఖాస్తు.

"మా ఇంటాయనది మరణ సర్టిఫికెట్ సార్. పోయిన నెల పోయిండు."

దరఖాస్తులో భార్య పేరు మున్నవర్ బేగం. చనిపోయినవాడి పేరు లతీఫ్. లతీఫులు ఎందరో ఉంటారు.

"హమాలీ పనా?"

"స్టేషన్ కాడ మూటలు మోసిండు సార్. మొదలు ట్రాక్టర్ నడిపేటోడు. మొగుళ్లపల్లిల. నా పెండ్లి గాకముందు."

పెన్ను ఆగింది.

"ఎందుకు ఇడిసిపెట్టిండు?"

అడగకుండా ఉండాల్సింది.

"ఎల్లగొట్టిర్రు. మిద్దెక్కి, పక్కింటి ఆడోళ్లు తానం జేస్తుంటే సూసిండని పేరు వెట్టిర్రు. గా పేరు ఈడిదాక వచ్చింది. మళ్ల ఎవ్వలు స్టీరింగ్ ముట్టనియ్యలే."

ఆ ఆదివారం, గోడ అవతల నుంచి పక్కింటి కట్టయ్య కేక. "సూడు పటేలా, మీ డ్రైవర్ మిద్దె మీద నిలబడి మా ఆడోళ్లను సూస్తుండు!" బయట ఏదో గుంజినట్టు, చెంప మీద కొట్టినట్టు చప్పుళ్లు. లతీఫ్ రెండు నెలల కిందే ఊరికి వచ్చినవాడు. వాడి తరఫున మాట్లాడేందుకు అక్కడ ఎవరూ లేరు.

"పటేలా, చిన్న పటేలును అడుగుర్రి. ఇప్పుడే పైకొచ్చి పోయిండు." అది లతీఫ్ గొంతు.

గడపలో బాపు నీడ. "ఏంరా, నీకేమన్న ఎరుకనా?"

తెర మీద టోపీ అప్పుడే గాల్లోకి లేచింది. తల తిప్పితే ఎక్కడ పడుతుందో తెలియదు.

"నాకేం తెల్వది బాపూ."

కాసేపటికి గాలి లేచింది. బొమ్మ పోయింది. పైన పట్టుకునేవాళ్లు లేరు. ఆ టోపీ ఎక్కడ పడిందో సంజీవ ఇంతవరకూ చూడనే లేదు.

"నేను గూడ ఆయన్ను నమ్మలే సార్," మున్నవర్ బేగం అంటోంది. ఇప్పుడు అతనితో కాదు, బల్లతో చెబుతున్నట్టుంది. "లడాయి అయినప్పుడల్ల అదే అన్న. ఆడోళ్లను సూసినోనివి, నీకేం సిగ్గు అని. ఆఖరుకు దవాఖానల అడిగిన. ఇప్పుడన్న నిజం జెప్పు అని."

"ఏమన్నడు?"

"నేను జెప్తే నమ్ముతవా అన్నడు. నాకు నీళ్లు తెచ్చిన పిల్లగాడు జెప్తే నమ్ముతవు, వాడు సూసిండు, చిన్నపిల్లగాడు అబద్ధమాడడు అన్నడు."

సునంద టైపు చేయడం ఆపేసింది.

"పిచ్చోడు," అంది మున్నవర్ బేగం. "గా పిల్లగాడు యాడున్నడో, ఏమో. జర ముద్ర వెయ్యుర్రి సార్. బస్సు పోతది."

ముద్ర వేస్తే చాలు. ఆమె వెళ్లిపోతుంది. సాయంత్రం దాకా ఇంకెవరూ ఏమీ అడగరు. సునందకు కుందేలు కథ చెప్పొచ్చు.

నిచ్చెన. మొదటి మెట్టు. ఎలుగుబంటి వచ్చింది, టోపీ సర్దుకుంది. ఈసారి అతను దాని వంక చూడలేదు. రెండో మెట్టు. మూడు. అమ్మ ఇచ్చిన చెంబులో నీళ్లు తొణికి మోచేతి మీద పడ్డాయి. పైన ఎండ. ఎండలో రెండు చేతులతో గొట్టం పట్టుకుని నిలబడ్డ మనిషి, కిందికి వినపడేలా "వచ్చిందా?" అని అడుగుతున్నాడు.

సంజీవ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గొంతు పదేళ్ల పిల్లవాడి గొంతులా సన్నగా వచ్చింది.

"అమ్మా, గా పిల్లగాన్ని నేనే. నీళ్ల చెంబు నేనే నోటికి అందియ్యాల్సొచ్చింది. లతీఫన్న కండ్లకు దస్తీ కట్టుకొని ఉండె. ఎందుకు కట్టుకున్నవని అడిగితే, 'కింద అక్కలు తానం జేస్తున్నరు బేటా' అన్నడు."