క్షీరసాగరుడి సన్మానపత్రం

కొంచెం దగ్గరికి జరగండి. ఆ మూలన గుసగుసలు ఆపండి. వక్కాకు నమిలేవాళ్ళు నమలండి గానీ నోరు మాత్రం తెరవొద్దు. జయరామయ్యకి పౌరసంఘం చేసిన సన్మానం సంగతి చెబుతున్నాను. ఒక్క ముక్క జారవిడిచినా మళ్ళీ చెప్పను.

"తోలా? నా పేరు మేకతోలు మీద రాస్తావా?" అని అరిచాడు జయరామయ్య. ఆ అరుపుకి తిరుపతి వీధిలో పోతున్న జట్కా గుర్రం తనంతట తానే వెనక్కి తిరిగి రైలుస్టేషనుకి వెళ్ళిపోయిందట.

ఎదురుగా నిలబడ్డ కోదండం రెప్ప కూడా వేయలేదు. అతను శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు చిత్తూరు మిషన్ బడిలో ఒక దొరసాని దగ్గర కొత్త విద్య నేర్చుకున్నాడు. వాళ్ళ దేశంలో వెనకటి సన్యాసులు పుస్తకాలు రాసేవారట. మొదటి అక్షరాన్ని జానెడెత్తు వేసి, దాని చుట్టూ తీగలూ పక్షులూ పాకించి, బంగారు రేకు అద్దేవారట. ఆ పద్ధతిలో సన్మానపత్రాలు చేస్తానని బయల్దేరాడు. "ఆ ముతక గుడ్డలకు రంగులు ఉడకబెట్టేది ఇంక మీరే చేసుకోండి, నా చెయ్యి దానికి పుట్టలేదు" అని బామ్మర్ది చెంగయ్య మొహం మీదే అనేసి మరీ వచ్చాడు. ఇదే మొదటి పని. ఇది నెగ్గితే పౌరసంఘం చేసే సన్మానాలన్నీ అతనివే. ఓడితే మళ్ళీ చెంగయ్య రంగుల బాన దగ్గరికే.

"దొరసాని దేశంలో రాజులకు కూడా తోలు మీదే రాస్తారప్పా" అన్నాడు కోదండం.

"రాజులకు బుద్ధి ల్యాకుంటే నాకూ ల్యాదా? గుడ్డ మీద రాయి."

కోదండం అతన్ని పైనుంచి కిందికి చూశాడు. జయరామయ్య పాల కంట్రాక్టరు. ఊళ్ళో సగం ఇళ్ళకీ, హోటళ్ళన్నిటికీ పాలు అతనివే. ముందు బొజ్జ వస్తుంది, తర్వాత ఉంగరాలు వస్తాయి, ఆ వెనకాల తీరిగ్గా మనిషి వస్తాడు. 'ఈ బొజ్జకా నా బంగారు రేకు!' అనుకున్నాడు.

"గుడ్డయితే కరక్కాయ కలిపిన ఎనుము పాలల్లో నానబెట్టల్ల. చిక్కటి పాలు కావల్ల. లేకుంటే సిరా పాకుతాది, అక్షరం నిలబడదు."

"పాల సంగతి నువ్వు నాకు చెప్తావా! నా కొట్టంలోనుంచే బిందె పంపిస్తా. బయట పాలు ముట్టబాక. ఈ కాలంలో ఎవుర్నీ నమ్మేదానికి ల్యాదు."

గేదె పాల బిందె వచ్చింది. కోదండం గుడ్డను నానబెట్టి, పిండి, ఆరేసి, పనిలో పడ్డాడు. జిగురు రంగులతో, బంగారు రేకుతో పెద్ద 'శ్రీ' వేశాడు. దాని కొమ్ములో నెమలిని కూర్చోబెట్టాడు. అంచులంతా ద్రాక్షతీగ పాకించాడు. నడిమి రాత ఒక్కటే మిగిలింది. దానికి కలం ముట్టించనే లేదు. ఎందుకంటే జయరామయ్య రోజూ వచ్చి ఒక కొత్త బిరుదు తగిలిస్తున్నాడు.

"'దానశూర' తరవాత 'ధర్మమూర్తి' కూడా ఎయ్యి. ముందర 'క్షీరసాగర చంద్ర' ఉండల్ల."

"ఇంకా చోటుండాదప్పా. 'పరమశివ' కూడా ఎయ్యమంటావా?"

"అది వచ్చే ఏటికి పెట్టుకుందాం" అన్నాడు జయరామయ్య నవ్వకుండా. "నడిమి రాత సభలోనే రాయి. నేను పక్కన నిలబడి సూస్తా. లేకుంటే నువ్వు ఒక బిరుదు మింగేసే రకం."

సభ రోజు హాలు కిటకిటలాడింది. సంఘం అధ్యక్షుడు రామచంద్ర పత్రం మీది ముసుగు తీశాడు. ఆ బంగారు 'శ్రీ' మెరుపుకి ముందు వరసలో పెద్దాయన ఒకాయన గొడుగు విప్పుకున్నాడు. కోదండం మీసం మెలేశాడు. తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టి తీసిన నల్లసిరాలో కలం ముంచి, 'క్షీరసాగర' అని రాశాడు.

'క్షీ' పొట్ట ఉబ్బింది. ఉబ్బి, పక్కనున్న 'ర'ని మింగింది. 'సా' కాళ్ళు చాపుకుని 'గ' మీద పడుకుంది. కోదండం గబగబా 'దానశూర' రాశాడు. అది ఏనుగు అడుగైంది. 'ధర్మమూర్తి' మాత్రం తీగల్లోకి పారిపోయి నెమలి తోక నల్లగా చేసింది.

"ఏందిరా ఇది!" జయరామయ్య గొంతు పైకప్పుకి తగిలింది. "దొరసాని నేర్పింది ఇదేనా? నా ఎనుము పేడ ఏసినా ఇంతకన్నా పొందికగా పడతాదే!"

హాలంతా నవ్వింది. రామచంద్ర మొహం చిట్లించి, "ఇంక కలం కింద పెట్టప్పా" అన్నాడు. కోదండం కళ్ళ ముందు చెంగయ్య రంగుల బాన కుతకుత ఉడికింది.

"పాలల్లో బాగా నానబెట్టినానప్పా... సిరా పాకేదానికే ల్యాదు..."

"చేతగాక పాల మీదికి నెడతావా?" జయరామయ్య సభ వైపు తిరిగి ఉంగరాల చేతులు రెండూ ఎత్తాడు. "అవి నా ఇంటి పాలు! నేనే దగ్గరుండి బిందెలో పోయించి పంపినా! మీరంతా దినామూ తాగేది ఆ పాలే! వాటిల్లో లోపముంటే ఇన్నేండ్లు మీకు తెలీకుండా ఉంటాదా?"

నవ్వులు ఆగిపోయాయి. రోజూ ఆ పాలే పోయించుకునే తాయమ్మ వెనక వరసలోంచి లేచి, బుగ్గ మీద వేలు పెట్టుకుంది.

"అదేనేమోనప్పా! మీ పాలు తాగినాక మా పిల్లి మూతి నాక్కోదు. వానలో తడిసినట్ల ఒళ్ళు విదిలించుకోని, పొయ్యి పక్కన కూసోని ఆరబెట్టుకుంటాది."